‘రెండు నిమిషాలు సార్’ అంటే నమ్మి...

అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజు. ఆ ఒక్క పూటైనా అమ్మ వంటింట్లోకి వెళ్లకూడదని విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఒక పెద్ద ఆంధ్రా రెస్టారెంటుకి తీసుకెళ్లాను. పిల్లలతో కలిపి ఆరుగురం. ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి ఆర్డర్ ఇచ్చాం.

నాన్నకి షుగర్. భోజనానికి పావుగంట ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. అందుకే ఒకటింపావుకి నేనే వెయిటర్‌ని పిలిచి, ‘నాన్నగారు ఇంజెక్షన్ వేసుకోవాలి, కరెక్టుగా ఎంతసేపు పడుతుందో చెప్పండి’ అని అడిగాను. ‘పది నిమిషాల్లో వచ్చేస్తుంది మేడం’ అన్నాడు. నాన్న వెళ్లి వేసుకొచ్చారు.

ఒకటిన్నరకి నాన్న అడిగితే ‘రెండు నిమిషాలు సార్’. మళ్లీ అడిగితే మళ్లీ అదే రెండు నిమిషాలు. కనీసం అప్పడాలన్నా, కాస్త తెల్లన్నమన్నా ముందు పెట్టమన్నాను. తలూపి వెళ్లినవాడు తిరిగి రాలేదు. రెండు కావస్తుండగా నాన్న మాట్లాడటం మానేశారు. నుదురంతా చెమట. మంచినీళ్ల గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికి నీళ్లు టేబుల్ మీద ఒలికాయి. ఏసీ హాల్లో ఆ చెమట చూసి నాకు కాళ్లు ఆడలేదు. మీటర్ పెట్టి చూస్తే 58. డెబ్బై కన్నా తగ్గితేనే ప్రమాదం అంటారు డాక్టర్లు.

పక్క టేబుల్ తుడుస్తున్న కుర్రాడు మా కంగారు చూసి, ఎవరూ చెప్పకుండానే జ్యూస్ కౌంటర్‌కి పరిగెత్తి పంచదార తెచ్చాడు. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటకి 84కి వచ్చింది. ఆ బాబుకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉంటాం. అక్కడ మనిషిలా ప్రవర్తించింది అతనొక్కడే.

భోజనం వచ్చేసరికి రెండూ పది. అప్పటికి ఎవరికీ తినాలని లేదు. అయినా అమ్మ ఇష్టంగా అడిగిన ఉలవచారు గురించి చెప్పాలి. మా ఇంట్లో ఉలవలు రాత్రంతా నానబెట్టి, గంటల తరబడి ఉడికించి, ఆ కట్టు వార్చి, చింతపండు రసం పోసి చిక్కబడేదాకా మరిగిస్తారు. ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది. ఇక్కడ గిన్నె మీద మీగడ ముగ్గులా వేశారు గానీ, చెంచా ముంచి ఎత్తితే జిగురులా సాగింది. చల్లారేసరికి పైన తెట్టు కట్టింది. ‘ఇది ఉలవల చిక్కదనం కాదే, కార్న్‌ఫ్లోర్ కలిపారు’ అంది అమ్మ. నలభయ్యేళ్లుగా కాస్తున్న చెయ్యి అది, నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. రొయ్యల వేపుడు మాత్రం బాగుంది. గోంగూర మటన్‌లో ముక్క ఉడకలేదు, నాన్న పక్కన పెట్టేశారు.

బిల్లులో భోజనం 3,800, సర్వీస్ ఛార్జి అని ఐదు శాతం, అంటే 190, ఆ మొత్తం మీద ఐదు శాతం జీఎస్టీ. సర్వీస్ ఛార్జి మనం ఇష్టపడి ఇచ్చేదే తప్ప బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని వినియోగదారుల రక్షణ కోసం ఉన్న కేంద్ర సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసేయమన్నాను. మేనేజర్ నసిగాడు. 1915కి ఫోన్ చేస్తానంటే తీసేసి, భోజనం మీద జీఎస్టీ మాత్రమే కలిపి 3,990కి వేరే బిల్లు ఇచ్చాడు. మీకూ కలిపితే ఆ నంబర్ గుర్తుపెట్టుకోండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది.

ఆలస్యానికి నేను గొడవపడటం లేదు. ఆదివారం రద్దీ ఎవరికైనా తెలుసు. ‘ఇంకో గంట పడుతుంది’ అని ఉన్నమాట చెప్పి ఉంటే నాన్న ఇంజెక్షన్ ఆపుకునేవారు. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే, ఏ హోటల్లోనైనా సరే, విస్తట్లో అన్నం పడ్డాకే ఇన్సులిన్ వేసుకోవచ్చేమో ముందే డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి. బ్యాగులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి. ఆ రోజు నేను బ్యాగు మార్చి దాన్ని ఇంట్లోనే మర్చిపోయాను.