స్కార్లట్టి కె. 141 సొనాటా: ఏళ్ల తరబడి వాయించాక నా మాట

స్వరకర్త డొమెనికో స్కార్లట్టి కీబోర్డు వాద్యానికి రాసిన చిన్న రచన ఈ డి మైనర్ సొనాటా (కె. 141 అన్నది ఆయన రచనల జాబితాలో దీని సంఖ్య). చాలామంది దీన్ని కుడిచేతి వేగం చూసి ఎంచుకుంటారు. 3/8 తాళం, ఒకే స్వరం టకటకా ఆరేసి సార్లు మోగుతుంది. పియానిస్ట్ మార్తా ఆర్గెరిచ్ కచేరీ చివర్లో ఎన్‌కోర్‌గా వాయిస్తే ఊపిరి బిగబట్టి వినాల్సిందే. కానీ ఇన్నేళ్లుగా దీనితోనే ఉన్నాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది: దీని ప్రాణం ఎడమచేతిలో ఉంది.

ఆ ఎడమచేతి కార్డ్స్‌ని, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తుల్ని, నెమ్మదిగా నొక్కి చూడండి. కార్డ్‌కు చెందని పక్క స్వరాలను కూడా స్కార్లట్టి మధ్యలో ఇరికించి రాశాడు. విడిగా వింటే చెవికి గుచ్చుకుంటాయి. వేగం అందుకున్నాక మాత్రం గిటార్ తీగలన్నీ ఒక్క దెబ్బతో మీటినట్టు ఝల్లుమంటాయి. ఇది రాసింది హార్ప్సికార్డ్ కోసం, అంటే కీ నొక్కితే తీగను మీటే పాత కీబోర్డు వాద్యం కోసం. అందులో కీని ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దగా మారదు. బలం కావాలంటే ఒకేసారి ఎక్కువ తీగలు మోగించాలి, ఆయన చేసిందదే. స్కాట్ రాస్ 1984-85లో మొత్తం 555 సొనాటాలనూ హార్ప్సికార్డ్ మీద రికార్డు చేశాడు. అందులో ఇది వింటే విషయం వెంటనే అర్థమవుతుంది. పియానో మీద అవే కార్డ్స్ బరువుగా వాయిస్తే అంతా ముద్దయిపోతుంది. నేనైతే స్వరాలను సాగదీసే పెడల్ దాదాపు ముట్టుకోను.

డొమెనికో స్కార్లట్టి 1685లో నేపుల్స్‌లో పుట్టాడు. తన శిష్యురాలు, పోర్చుగల్ రాకుమారి మరియా బార్బరా స్పెయిన్ యువరాజును పెళ్లాడాక 1729లో సెవిల్‌కు వచ్చాడు. 1733 నుంచి మాడ్రిడ్‌లోనే ఉండి, 1757లో అక్కడే పోయాడు. బండ్లవాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు పాడుకునే బాణీలను ఆయన అనుకరించేవాడని ఆ శతాబ్దపు సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ రాశాడు. ఈ సొనాటా వాయిస్తుంటే ఆ మాట నమ్మబుద్ధవుతుంది.

నోట్స్ పుస్తకం కొనేముందు ఎడిటర్ ఎవరో చూసుకోండి. గత శతాబ్దం మొదట్లో అలెస్సాండ్రో లోంగో వేసిన ఎడిషన్‌లో (అందులో దీని సంఖ్య ఎల్. 422) స్కార్లట్టి కరుకు స్వరాలను చాలాచోట్ల తప్పులనుకుని దిద్దేశారు. ఆ కరుకుదనం పోతే ఇంక మిగిలేది వేళ్ల కసరత్తే.

వాద్యం సంగతికొస్తే, నా పాత డిజిటల్ పియానోలో కీకి రెండే సెన్సర్లు. కీ దాదాపు పూర్తిగా పైకి లేస్తేగానీ మళ్లీ పలికేది కాదు, ఆరింటిలో ఒకటో రెండో స్వరాలు మింగేసేది. మూడు సెన్సర్లున్నది తీసుకున్నాక కీ సగం లేచినా స్వరం వస్తోంది. నేను మధ్యవేలు, చూపుడువేలు, బొటనవేలు వరసగా మారుస్తూ వాయిస్తాను. వేళ్ల కొసలు కీ మీద నుంచి లోపలికి గీరుకుంటూ జారాలి. మణికట్టు బిగిస్తే సగంలోనే చెయ్యి పట్టేస్తుంది.

ఒక లోటు ఉంది. సొనాటాలోని రెండు భాగాలనూ రిపీట్ చేసి, అంటే ఒక్కోదాన్ని రెండేసి సార్లు వాయిస్తే చివరికొచ్చేసరికి ఆ టకటకల పదును తగ్గుతుంది. రెండోదానికి రిపీట్ వదిలేయడమే నాకిష్టం.

రెండు సెన్సర్ల కీబోర్డుతో దీనికోసం టెన్షన్ పడొద్దు. స్కార్లట్టిదే, ఎ మేజర్‌లోని కె. 208 సొనాటా పట్టుకోండి. అది నిదానంగా, పాడుకున్నట్టు సాగుతుంది, కీలు మొరాయించే ప్రసక్తే ఉండదు. నా చెవికి అందులోనూ గిటార్ వినిపిస్తుంది.