ట్రే ఐకాన్ ప్యాక్ కొంటున్నారా? సుడో అడిగే ఇన్‌స్టాలర్‌తో జాగ్రత్త

లినక్స్ ప్యానెల్ మూలన ఉండే ట్రే ఐకాన్లన్నీ ఒకే తీరులో కనిపించాలని చాలామందికి ఉంటుంది. వైఫై, బ్యాటరీ సన్నటి తెల్ల గీతల్లో పొందికగా ఉంటే, పక్కనే చాట్ యాప్‌ది ముదురు రంగు బొమ్మ. రోజంతా కళ్లెదుట ఉండేదే కాబట్టి చూసినప్పుడల్లా చిరాకే. ఆ చిరాకు మీదే కొందరు వ్యాపారం చేస్తున్నారు. "ఒక్క కమాండ్‌తో మీ ట్రేలోని ప్రతి ఐకానూ మారిపోతుంది, ఏ డెస్క్‌టాప్ అయినా సరే" అని అమ్ముతున్న ఒక ప్యాక్‌ని డబ్బు కట్టి కొన్నాను. ఇలాంటి హామీ ఎక్కడ కనిపించినా దయచేసి కొనకండి.

ముందు ఆ హామీ సంగతే చూద్దాం. ట్రేలో కనిపించేదంతా ఐకాన్ థీమ్ (ఒకే తీరు ఐకాన్ల సెట్టు) చేతిలో ఉండదు. ఇప్పుడు ఎక్కువ యాప్‌లు వాడే స్టేటస్ నోటిఫయర్ పద్ధతిలో యాప్ డీ-బస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారా ప్యానెల్‌కి ఐకాన్ పేరైనా చెప్పొచ్చు, నేరుగా బొమ్మనైనా పంపొచ్చు. పేరు చెబితే ప్యానెల్ దాన్ని మీ ఐకాన్ థీమ్‌లో వెతుక్కుంటుంది, కాబట్టి థీమ్ మారిస్తే ఐకాన్ మారుతుంది. బొమ్మే పంపితే మీరు ఎన్ని థీమ్‌లు మార్చినా అది అలాగే ఉంటుంది. ఎలక్ట్రాన్ అనే యాప్ తయారీ సాధనంతో తయారైన చాట్, మ్యూజిక్ యాప్‌లు చాలావరకు ఈ రెండో రకమే. వాటిని మార్చాలంటే యాప్ లోపలి ఫైల్‌నే తెరిచి బొమ్మ మార్చాలి. స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వేసుకున్న యాప్‌లో అదీ కుదరదు, ఎందుకంటే దాని లోపలి ఫైళ్లు రాయడానికి వీల్లేకుండా మౌంట్ అవుతాయి. ఇక గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే 2017లో 3.26 వెర్షన్‌తో పాత ట్రేనే తీసేసింది. యాప్‌ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్ లేకపోతే చాలా యాప్‌ల ఐకాన్ అక్కడ అసలు కనిపించదు. ఇన్ని అడ్డంకులుండగా "ప్రతి ఐకానూ, ఏ డెస్క్‌టాప్ అయినా" అనడం ఎలా నిజమవుతుంది?

దాన్ని నిజం చేసినట్టు చూపించడానికి వాళ్లు చేసిన పనే అసలు ప్రమాదం. ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ మొదటి వరుసల్లోనే సుడో పాస్‌వర్డ్, అంటే సిస్టమ్ మొత్తాన్ని మార్చగల రూట్ అధికారం, అడుగుతుంది. ఆ తర్వాత సిస్టమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి యాప్‌ల ఫైళ్లను తన కాపీలతో మార్చేస్తుంది. పాత ఫైళ్లకు బ్యాకప్ లేదు, అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ లేదు. యాప్ అప్‌డేట్ కాగానే ఆ మార్పులు చెరిగిపోతాయి కదా, అందుకని ఏపీటీ (ప్యాకేజీలు వేసి, అప్‌డేట్ చేసే సాధనం) సెట్టింగ్స్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైల్ కూడా పెట్టింది. దాన్ని తెరిచి చూస్తే ఉన్నది ఒకే ఒక్క వరుస: ఏ ప్యాకేజీ మారినా, అమ్మినవాళ్ల సర్వర్ నుంచి తాజా స్క్రిప్ట్ దించుకుని రూట్ అధికారంతో నడపమని. అంటే ఐకాన్ల పేరుతో మన కంప్యూటర్‌కి మారుతాళం వాళ్ల చేతిలో పెట్టినట్టే. రేపు ఆ సర్వర్ ఎవరి చేతిలోకైనా పోతే? ఈ ఒక్క వరుస చాలు ఆ ప్యాక్ జోలికి పోకుండా ఉండటానికి.

ఐకాన్లలోనూ నాణ్యత లేదు. గ్నోమ్ బ్యాటరీ ఐకాన్‌కి పదేసి శాతానికి ఒక పేరు చొప్పున 0 నుంచి 100 దాకా వెతుకుతుంది, ఛార్జింగ్‌లో ఉన్నప్పటి పేర్లు మళ్లీ వేరు. ఈ ప్యాక్‌లో ఆ పేర్లన్నీ ఉన్నాయి, కానీ అన్నీ ఒకే ఫైల్‌కి లింకులు. 10 శాతం ఉన్నా నిండుగానే కనిపిస్తుంది. పైన శాతం అంకె పెట్టుకోనివాళ్లకి ఛార్జ్ అయిపోతోందని నోటిఫికేషన్ వచ్చేదాకా తెలియదు. మిగతా ఐకాన్లు ఎక్కడో చూసినట్టు అనిపించి పాపిరస్ అనే ఐకాన్ థీమ్‌తో పోల్చాను. 22 పిక్సెళ్ల ప్యానెల్ ఫోల్డర్‌లోవి చెక్‌సమ్‌తో (ఫైల్‌కి వేలిముద్ర లాంటి అంకెతో) సహా అవే. పాపిరస్ జీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతుంది. దాన్ని అమ్మడం తప్పు కాదు, కానీ లైసెన్స్ కాపీ జతచేయాలి. ఇందులో దాన్ని తీసేసి, "అన్ని హక్కులూ మావే" అని రాసుకున్నారు. ఉచితంగా ఇంత చక్కటి పని చేసి పెట్టినవాళ్ల పేరు చెరిపేయడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. డబ్బు వెనక్కి అడిగితే డిజిటల్ సరుకుకి రీఫండ్ ఉండదని ఒక్క ముక్కలో తేల్చేశారు.

థీమ్‌లే కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. 2009 డిసెంబర్‌లో గ్నోమ్-లుక్ సైట్‌లో స్క్రీన్‌సేవర్ పేరుతో పెట్టిన డెబ్ ప్యాకేజీలో మాల్‌వేర్ బయటపడింది. 2024 మార్చిలో కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ స్టోర్ నుంచి దించుకున్న ఒక గ్లోబల్ థీమ్ (డెస్క్‌టాప్ రూపమంతా మార్చేది) ఒకరి ఫైళ్లన్నీ తుడిచేసింది. రెండోదానికి సుడో కూడా అవసరం పడలేదు, మామూలు యూజర్ అధికారంతోనే డేటా పోయింది. గ్లోబల్ థీమ్‌లు కోడ్ నడపగలవని కేడీఈ వాళ్లే ఆ తర్వాత హెచ్చరించారు.

కొనాలనే ఉంటే ముందు అమ్మేవాళ్లని అడగండి: హోమ్ ఫోల్డర్‌లోకి అన్‌జిప్ చేస్తే సరిపోతుందా, లైసెన్స్ ఏమిటి, బ్యాటరీ తక్కువున్నప్పుడు, సౌండ్ మ్యూట్‌లో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో స్క్రీన్‌షాట్ ఉందా అని. సూటిగా జవాబు రాకపోతే వదిలేయండి. నిజానికి కొనాల్సిన అవసరమూ తక్కువే. పాపిరస్ డెబియన్, ఫెడోరా రిపోజిటరీల్లోనే ఉంది. రెండు మూడు ఐకాన్లు మార్చుకోవాలంటే హోమ్‌లోని .local/share/icons ఫోల్డర్‌లో సొంత థీమ్ ఒకటి పెట్టుకుని, దాని ఇండెక్స్ ఫైల్‌లో ఇన్‌హెరిట్స్ వరుసలో మీరు వాడే థీమ్ పేరు రాసి, మారాల్సిన ఎస్వీజీ బొమ్మలు మాత్రమే అదే పేర్లతో వేసుకోండి. నచ్చకపోతే ఫోల్డర్ తీసేస్తే అంతా మామూలే.

ఇలాంటి ప్యాక్ ఇప్పటికే వేసుకున్నవాళ్లు ముందు ఏపీటీ సెట్టింగ్స్ ఫోల్డర్ (/etc/apt/apt.conf.d) చూడండి. అందులో ఏ ఫైల్ ఏ ప్యాకేజీదో dpkg -S కమాండ్ (పెద్ద ఎస్) చెబుతుంది. ఏ ప్యాకేజీకీ చెందనిది, మీరు పెట్టనిది కనిపిస్తే తెరిచి చదవండి, బయటి సర్వర్ నుంచి స్క్రిప్ట్ దించి నడిపే వరుస ఉంటే ఆ ఫైల్ తీసేయండి. ఆ తర్వాతే dpkg --verify నడిపి, మారిన ఫైళ్లున్న ప్యాకేజీలను రీఇన్‌స్టాల్ చేయండి. ఈ వరుస తప్పొద్దు. ఆ హుక్ (ప్యాకేజీ మారినప్పుడల్లా స్క్రిప్ట్ నడిపే ఆ వరుస) ఉండగా రీఇన్‌స్టాల్ చేస్తే వాళ్ల స్క్రిప్ట్ రూట్‌గా మళ్లీ నడుస్తుంది.