వరంగల్ చెరువుల్లో ఆరో నంబర్ ఫ్లై రాడ్: ఏళ్ల తరబడి వాడాక

తొమ్మిది అడుగుల పొడవు, నాలుగు ముక్కలు, గ్రాఫైట్, ఆరో నంబర్. నా దగ్గరున్న ఫ్లై రాడ్ ఇది. మా చిన్నమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చిపెట్టాడు. అప్పటి నుంచి ధర్మసాగర్ చుట్టుపక్కల చెరువుల మీద, ములుగు వైపు కుంటల మీద ఇదే వాడుతున్నాను. కొనొచ్చా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తాను: కొనండి. కాకపోతే రాడ్డు కొంచెం తక్కువ రకంది తీసుకున్నా సరే, లైను మాత్రం మంచిది తీసుకోండి. మన ఎండల్లో అసలు పని లైనుదే.

ఫ్లై ఫిషింగ్ కొత్తవాళ్లకు రెండు మాటలు. మామూలు గాలానికి ఎర బరువో, సీసం గుండు బరువో ఉంటుంది, విసిరితే ఆ బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలు, దారంతో కొక్కెం మీద కట్టిన పురుగు బొమ్మ. దానికి బరువే ఉండదు. అందుకని లైనునే బరువుగా, లావుగా తయారుచేస్తారు. చేత్తో విసిరేది ఆ లైనును, దాని కొసన ఫ్లై ఊరికే వెంట పోతుంది. రాడ్డు మీద రాసే నంబరు కూడా లైను బరువును బట్టే. ఆరో నంబర్ అంటే లైను మొదటి 30 అడుగులు 160 గ్రెయిన్లు, అంటే పది గ్రాముల పైచిలుకు తూగుతుంది. రాడ్డు నంబరూ లైను నంబరూ కలిస్తేనే రాడ్డు సరిగ్గా వంగుతుంది.

రాడ్డుతో పాటు వచ్చిన లైను చల్లటి వాగుల్లో ట్రౌట్ చేపల కోసం చేసింది. మాఘమాసం దాకా ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్ రాగానే పై పూత మెత్తబడి, చేతికి జిగురుగా తగిలేది. రింగుల్లోంచి జారాల్సింది పోయి రాడ్డుకు అతుక్కునేది, విసిరిన లైను సగంలోనే కూలబడేది. వేడి దేశాల సముద్రతీరాల కోసం చేసే ట్రాపికల్ లైన్లు వేరే ఉంటాయి. లోపలి దారం, పై పూత రెండూ గట్టిగా ఉంటాయి. అది వేసినప్పటి నుంచి మే నెల మధ్యాహ్నం కూడా లైను సాఫీగా పోతోంది. దానికీ ఒక లోపం ఉంది. డిసెంబర్ తెల్లవారుజామున రీలులోంచి తీస్తే చుట్టలు చుట్టలుగానే ఉంటుంది. రెండు చేతులతో బారెడు బారెడు సాగదీసి, ఆ తర్వాతే విసరాలి. ఇంకో సంగతి, మన చెరువుల్లో పచ్చటి పాచి లైనుకు పట్టి తేలకుండా చేస్తుంది. ఇంటికొచ్చాక గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి కడిగి, నూలుగుడ్డతో తుడిచి నీడలో ఆరబెడితే ఒక లైను నాకు చాలా సీజన్లు వస్తోంది.

విసరడం గురించి. వీడియోల్లో చూపించే చోట వెనకంతా ఖాళీ మైదానం. మన చెరువు కట్ట మీద వెనక తుమ్మచెట్లు, సర్కారు తుమ్మ పొదలు. లైను వెనక్కి పోయిందంటే ఫ్లై ముళ్లలోనే ఉంటుంది. అందుకే ఇక్కడ మొదట నేర్చుకోవాల్సింది రోల్ కాస్ట్. లైనును వెనక్కి ఎగరేయకుండా నీటి మీదే మెల్లగా దగ్గరకు లాగి, రాడ్డును భుజం పక్కన నిలబెట్టి, ఒక్క క్షణం ఆగి ముందుకు కొట్టాలి. లైను నీటి మీద చక్రంలా దొర్లుకుంటూ పోతుంది. ఈ రాడ్డు కొస మెత్తన కాబట్టి రోల్ కాస్ట్ హాయిగా వస్తుంది. ఎదురుగాలికి మాత్రం తట్టుకోదు. ఆషాఢం గాలి మొదలైతే కట్ట దిగి గాలికి వీపు పెట్టి నిలబడాల్సిందే.

ఈ పనికి భుజబలం కావాలని చాలామంది అనుకుంటారు. కానే కాదు. అమెరికాలో జోన్ వుల్ఫ్ అని ఒకావిడ, 1926లో పుట్టింది. 1960లో 161 అడుగుల దూరం విసిరింది. 1979లో భర్తతో కలిసి న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్లై ఫిషింగ్ బడి పెట్టింది. ముందు నెమ్మదిగా రాడ్డును వంచి, చివర్లో మణికట్టుతో ఒక్క విసురు ఇవ్వాలని ఆవిడ విడమరిచి చెప్పిన పద్ధతితోనే నేను మా డాబా మీద సాధన చేశాను. చెరువుకు పోకముందు డాబా మీదో, స్కూలు గ్రౌండులోనో ఫ్లై బదులు ఊలు ముక్క కట్టి ప్రాక్టీసు చేయమని అందరికీ చెబుతాను, ముఖ్యంగా ఆడవాళ్లకు. బలంతో కొట్టే అలవాటు లేని చెయ్యి తొందరగా నేర్చుకుంటుంది.

ఇక చేపలు. ఈ రాడ్డుకు సరిగ్గా సరిపోయేవి తిలాపియా, పరకలు, చిన్న బంగారుతీగలు. బంగారుతీగ శిఖంలో, మోకాలి లోతు నీళ్లలో అడుగు తవ్వుతూ తిరుగుతుంది. బురద పొగలా లేస్తుంటే అది ఎటు పోతోందో తెలుస్తుంది. దాని మూతికి రెండడుగుల ముందు, చిన్న పూస కట్టిన బరువైన ఫ్లైని చప్పుడు లేకుండా దించాలి. లైను కొస ఇసుమంత కదిలితే చాలు, ఎత్తాలి. ఆ క్షణానికి వచ్చే టెన్షన్, సంతోషం నాకు ఇంకే పనిలోనూ రాలేదు. రవ్వు, బొచ్చె మాత్రం ఫ్లైకి పడటం అరుదు, వాటికి తవుడు ముద్దే సరైంది.

కొర్రమట్ట సంగతి వేరు. మన రాష్ట్ర చేప అదే. మొప్పలతో పాటు పైగాలి కూడా దానికి అవసరం, అందుకే నీటి పైకొచ్చి గుటకేసి పోతుంటుంది. ఆ బుడగ లేచిన చోటుకు కాస్త అవతల కప్ప ఫ్లై వేసి, ఆగి ఆగి లాగితే తామరాకుల మధ్యలోంచి వచ్చి మీద పడుతుంది. అక్కడే ఆరో నంబర్ చేతులెత్తేస్తుంది. చేప తామర తూడుల్లోకో, గుర్రపుడెక్క కిందికో దూరితే వెనక్కి లాగే సత్తువ ఈ రాడ్డుకు లేదు. పళ్లు పదును కాబట్టి కొస దారం కూడా లావుది కావాలి, ఆ లావు దారాన్ని ఈ లైను సరిగ్గా చాపలేదు. వానాకాలం ఎర్రటి పిల్లలు ముద్దగా తిరుగుతుంటే కింద పెద్ద చేపలు కాపలా కాస్తుంటాయి. అక్కడ నేను గాలం వేయను. కాపలా చేపను తీసేస్తే ఆ పిల్లలు పక్షుల పాలు, వాలుగల పాలు.

అనుమతి లేకుండా ఏ చెరువు మీదికీ పోవద్దు. చెరువు మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. వాళ్ల బతుకుదెరువు మీదికి మనం సరదాకు పోతున్నాం. పాకాల అభయారణ్యం కాబట్టి అక్కడికి రాడ్డు తీసుకుపోను. నేను వెళ్లే చెరువు సంఘంతో మాట ఒకటే: కొక్కెం ముల్లు పట్టకారుతో నొక్కేసి వాడతాను, చేపను వదిలేస్తాను, గాయమైతే తూకం వేసి వాళ్లకే ఇస్తాను. సంఘం అధ్యక్షుడు మొదటిసారి నా ఫ్లైని వేళ్ల మధ్య తిప్పి చూసి, "గీ కోడీకకు చేప పడ్తదా అక్కా? ఎర్రనన్న గుచ్చరాదు" అన్నాడు. ఇప్పుడు వాళ్లబ్బాయే నా దగ్గర కప్ప ఫ్లైలు తీసుకుపోతాడు.

ఆ ఫ్లైల దగ్గరే నా జీవితం మలుపు తిరిగింది. హనుమకొండలో నాది మగ్గం వర్క్ షాపు. పెళ్లిళ్ల సీజన్‌లో బ్లౌజుల పని ఊపిరాడనివ్వదు, మూఢం వస్తే షాపులో ఈగలు తోలుకోవడమే. ఫ్లైలు అయిపోయినప్పుడు తెప్పించుకోవాలంటే సుంకం, కొరియర్ కలిపి వస్తువు కంటే ఖర్చే ఎక్కువయ్యేది. మగ్గం పనికి వాడే సన్న దారం, మైనం, జరీ, పూసలు నా చేతిలోనే ఉండగా కొనడం ఎందుకని ఒక వైస్ తెచ్చుకుని కట్టడం మొదలుపెట్టాను. వైస్ అంటే కొక్కెం కదలకుండా పట్టుకునే చిన్న పనిముట్టు. నాది గిర్రున తిరిగే రకం, దవడలు ఇప్పటికీ వదులు కాలేదు. రాడ్డు కంటే ముందు నా పెట్టుబడి తిరిగొచ్చింది దానిమీదే.

పనికొచ్చే సరుకంతా ఇక్కడే దొరికింది. నాటుకోడి పుంజు మెడ ఈక పొడవుగా, బిరుసుగా ఉంటుంది. కొక్కెం చుట్టూ తిప్పితే దాని నూగు విచ్చుకుని పురుగు కాళ్లలా నిలబడుతుంది, నీటి మీద తేలుతుంది. ఫారం కోడి ఈక మెత్తన, అది తడిసి ముద్దవుతుంది కాబట్టి మునిగే ఫ్లైలకు పెడతాం. మేక తోక వెంట్రుకలు చిన్న చేప బొమ్మలకు. కప్పకు హవాయి చెప్పు అడుగు కోసి, రుద్ది, మీద నెయిల్ పాలిష్ వేస్తాం. కొత్తవాడ జంపఖానాల మగ్గాల దగ్గర మిగిలే నూలు కొసలు తెచ్చి మునిగే ఫ్లైలకు ఒళ్లు చుడతాం. నూలు నీళ్లు పీల్చుకుని చక్కగా దిగుతుంది, రంగులకు కొదవ లేదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల నూలు హిమాచల్ ట్రౌట్ నోటి దాకా పోతోందంటే నాకు గర్వమే. నెమలి ఈకను మాత్రం ముట్టుకోను. దాని ఎగుమతి నిషేధం, నా సరుకు దేశం దాటినా దాటకపోయినా ఆ తలనొప్పి వద్దు. రంగు వేసిన కోడి ఈకతో సరిపెడతాను.

షాపులో మగ్గం మీద కూర్చునే ఆడవాళ్లే ఇప్పుడు ఖాళీ నెలల్లో ఫ్లైలు కడుతున్నారు. ముక్క లెక్కన కూలి. తల భాగంలో దారం చుట్టి ముడి వేసే చోట కొత్తవాళ్లు తడబడతారు. కొక్కెం కన్ను మూసుకుపోతే ఆ ఫ్లై పనికిరాదు, అందుకే ప్రతిదాని కంట్లోంచి సూది దూర్చి చూశాకే ప్యాక్ చేస్తాం. వాళ్లలో ఎవరూ చెరువుకు రారు. రావాల్సిన పనీ లేదు. స్కాట్లాండ్‌లో మేగన్ బాయ్డ్ అనే ఆవిడ సాల్మన్ ఫ్లైలు కట్టి పేరు తెచ్చుకుంది. 1971లో బ్రిటిష్ ప్రభుత్వం పతకం ఇచ్చింది. ఆవిడ చేపలు పట్టేది కాదు. అంతకు ముందు అమెరికాలో మేరీ ఆర్విస్ మార్బరీ తన తండ్రి కంపెనీలో ఫ్లైలు కట్టే విభాగాన్ని నడిపింది. ఒకే పేరుతో ఊరికో రకం ఫ్లై చలామణి అవుతున్న రోజుల్లో, దేశమంతటి నుంచి ఉత్తరాలు తెప్పించి, ఏది ఏదో బొమ్మలతో సహా 1892లో పుస్తకంగా తెచ్చింది. ఆమెను చూసే నేనూ ప్రతి ఫ్లైకి ఒక నోటుబుక్కు పేజీ పెట్టాను: కొక్కెం సైజు, ఈక ఎక్కడిది, దారం ఎన్ని చుట్లు, ఏ చెరువులో ఏ చేపకు పడింది. కస్టమర్ మళ్లీ అడిగితే అచ్చం అదే రావాలి. ఇల్లు నడవడానికి ఫ్లైల మీద వచ్చేది బ్లౌజుల ఆదాయమంత కాదు. మూఢం నెలల్లో మాత్రం షాపు అద్దె, కూలీలు అవే గట్టెక్కిస్తున్నాయి.

మళ్లీ రాడ్డుకు వస్తాను. మొదటి రింగు దగ్గర లైను రాపిడికి సన్న గీత పడింది, మార్పించాలి. ముక్కలు కలిసే చోట వదులైతే కొవ్వొత్తి మైనం రుద్దుతాను, సరిపోతుంది. పిడి కార్క్ అక్కడక్కడా గుంటలు పడినా పట్టు బాగుంది. రీలు గురించి చెప్పడానికేం లేదు, ఈ సైజు చేపలకు ఏదైనా పనిచేస్తుంది. నాలుగు ముక్కలది కావడం నాకు పెద్ద సదుపాయం. పైపులో పెట్టుకుని పల్లెవెలుగు ఎక్కుతాను. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ములుగు దాకా పోవడం ఇంకా తేలికైంది. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త: గ్రాఫైట్ కరెంటును పారనిస్తుంది. మన చెరువుల మీదుగా మోటార్ల తీగలు వేలాడుతుంటాయి, కట్ట మీద నడిచేటప్పుడు రాడ్డు ముక్కలు విడదీసే నడవండి. ఉరుము వినబడితే రాడ్డు కింద పెట్టి ఊళ్లోకి వచ్చేయండి.

కొర్రమట్ట కోసమే కొనేవాళ్లు దీన్ని తీసుకోవద్దు, ఎనిమిదో నంబర్ చూడండి. నేనూ ఈ దసరా ఆర్డర్ల డబ్బుతో అదే తెప్పిస్తున్నాను, దానికి ట్రాపికల్ లైను ముందే వచ్చి షాపులో ఉంది.