పాత టెర్మినల్ ప్రోగ్రాముల్లో జపనీస్ టైపింగ్: యుఐఎం-ఫెప్, ఎస్‌కేకే, ల్యూట్ కలిపి ఏళ్ల తరబడి వాడాక

యుఐఎం-ఫెప్ టెర్మినల్‌లో కీలు పట్టుకునే ప్రోగ్రాము, ఎస్‌కేకే అందులో కొట్టినదాన్ని జపనీస్ లిపిలోకి మార్చే పద్ధతి, ల్యూట్ అక్షరాల ఎన్‌కోడింగ్‌ను మార్చే ప్రోగ్రాము. ఈ మూడింటినీ కలిపి నడిపితే 1990ల నాటి సి ప్రోగ్రాములో కూడా జపనీస్ హాయిగా కొట్టొచ్చు. ఏళ్లుగా రోజూ వాడుతున్న అమరిక ఇది. ముందే తేల్చి చెప్పాల్సిన మాట ఒకటుంది. పాత ప్రోగ్రామును యుటిఎఫ్-8కి (అక్షరాలను బైట్లుగా రాసే నేటి ఎన్‌కోడింగ్) మార్చాలని కూర్చోకండి. దాన్ని ఇయుసి-జేపీలోనే (యూనిక్స్‌లో వాడిన పాత జపనీస్ ఎన్‌కోడింగ్) ఉండనిచ్చి, మార్పిడి పనంతా బయట పెట్టండి.

ఎందుకంటే ఇయుసి-జేపీలో ఒక సాధారణ కంజీ (చైనా నుంచి వచ్చిన జపనీస్ లిపి) అక్షరం రెండు బైట్లు, తెర మీద అది పట్టేది రెండు గడులు. బైట్లనే గడులుగా లెక్కపెట్టే పాత ప్రోగ్రాము లెక్క తనకు తెలియకుండానే సరిపోతుంది. అదే అక్షరం యుటిఎఫ్-8లో మూడు బైట్లు, గడులు మాత్రం రెండే. అక్షరానికో గడి చొప్పున కర్సరు పక్కకు జారిపోతుంది. పేరు కోసం 20 బైట్లు కేటాయించిన రికార్డులో ఇయుసి అయితే పది కంజీలు పడతాయి, యుటిఎఫ్-8 అయితే ఆరే. ముఖ్యమైన మినహాయింపు సగం వెడల్పు కతకానా (జపనీస్ ధ్వని లిపుల్లో ఒకటి): ఇయుసిలో రెండు బైట్లు, తెర మీద ఒకటే గడి. దాన్ని పాత ఫారాల్లోకి రానివ్వకపోవడమే మంచిది. (తెలుగుకూ ఇలాగే చేయొచ్చా అంటే కుదరదు. కంజీకి రెండు గడులని ఖాయం. మన ‘స్త్రీ’కి ఎన్ని గడులో టెర్మినల్‌కొక లెక్క.)

షిఫ్ట్-జిస్ (ఇంకో పాత జపనీస్ ఎన్‌కోడింగ్) వైపు మాత్రం పోవద్దు. అందులో రెండో బైటు 92 కావచ్చు, అంటే బ్యాక్‌స్లాష్. పట్టిక అనే అర్థమున్న ‘హ్యో’ కంజీ 149, 92. కతకానా ‘సో’ 131, 92. పాత షెల్లూ సి స్ట్రింగులూ ఆ 92ని ఎస్కేప్ గుర్తుగా (తర్వాతి అక్షరానికి వేరే అర్థమిచ్చేది) తీసుకుని మింగేస్తాయి. ఇయుసిలో కంజీ బైట్లు రెండూ 161కీ 254కీ మధ్యే ఉంటాయి కాబట్టి ఈ బెడద లేదు.

పద్ధతి కొత్తదేమీ కాదు. డాస్ రోజుల్లో ఏటాక్ లాంటి జపనీస్ టైపింగ్ ప్రోగ్రాములను జపాన్‌లో ఫెప్ (ముందు నిలబడి కీలు పట్టుకునేది) అనే పిలిచేవారు. యూనిక్స్‌లో డబ్ల్యు-ఎన్-ఎన్ అనే మార్పిడి సర్వరుకు ముందు నిలబడే ప్రోగ్రాము పేరు యు-యు-ఎమ్: డబ్ల్యు-ఎన్-ఎన్ అని రోమన్‌లో రాసి కాగితాన్ని తలకిందులు చేస్తే వచ్చే పేరు. యుఐఎం-ఫెప్ చేసేది కూడా అదే పని. నకిలీ టెర్మినల్ ఒకటి తెరిచి, మీ కీలన్నీ తాను పట్టుకుని, ఖరారైన అక్షరాలను మాత్రమే లోపలి ప్రోగ్రాముకు అందిస్తుంది.

వరుస ముఖ్యం. బయట యుటిఎఫ్-8 టెర్మినల్, దాని లోపల యుఐఎం-ఫెప్, ఆ లోపల ల్యూట్, అన్నిటికీ లోపల పాత ప్రోగ్రాము. యుఐఎం-ఫెప్‌కు ‘-యు’తో ఎస్‌కేకే అని చెప్పాలి. ‘-ఇ’ చివరన రావాలి, దాని తర్వాత ఉన్నదంతా నడపాల్సిన ఆదేశం కిందే లెక్క. అక్కడ ల్యూట్, దానికి ‘-ఎన్‌కోడింగ్’తో ఇయుసి-జేపీ, ఆపైన ‘ఎన్వ్’తో జపనీస్ ఇయుసి లొకేల్ (భాష, ఎన్‌కోడింగ్ అమరిక) పెట్టి ప్రోగ్రాము పేరు. ఆ లొకేల్ సిస్టంలో ఉందో లేదో ‘లొకేల్ -ఏ’ కొట్టి చూడండి, లేకపోతే ‘లొకేల్‌డెఫ్’తో తయారు చేసుకోవాలి. లేని లొకేల్ పెడితే చాలా ప్రోగ్రాములు నోరు మెదపకుండా సి లొకేల్‌కు జారిపోతాయి, తెరంతా చెత్త గుర్తులు వస్తాయి. ‘ఎస్‌టీటీవై’తో ఐస్ట్రిప్ (ఎనిమిదో బిట్‌ను కోసేది), ఐక్సాన్ (కంట్రోల్-ఎస్, కంట్రోల్-క్యూలను పట్టేసేది) రెండూ ఆపేయండి.

చెత్త గుర్తుల్లో తేడా చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. హిరగానా (ఇంకో ధ్వని లిపి) ‘అ’ ఇయుసిలో 164, 162. ఎనిమిదో బిట్ ఊడిపోతే 36, 34, అంటే డాలరు గుర్తు, కొటేషన్ గుర్తు. తెర నిండా డాలర్లు కనిపిస్తే ఎక్కడో ఎనిమిదో బిట్‌ను కోసేస్తున్నారని అర్థం. డాలరు తర్వాత పెద్ద బి వచ్చి, వాక్యం చివర బ్రాకెట్, బి కనిపిస్తే అది వేరే జబ్బు: ఐఎస్‌ఓ-2022-జేపీ (ఎస్కేప్ బైట్లతో లిపి మార్చే ఎన్‌కోడింగ్) పాఠంలోంచి ఎస్కేప్ బైటు ఎగిరిపోయింది.

సోర్సు చేతిలో ఉంటే మొదట వెతకాల్సింది 127తో చేసే మాస్క్ (ఎనిమిదో బిట్‌ను తీసేసేది), అంటే ఆక్టల్‌లో 0177. పాత బోర్న్ షెల్, సి షెల్ ఎనిమిదో బిట్‌ను కోట్ చేసిన గుర్తుగా సొంతానికి వాడుకునేవి; ఆ అలవాటు చాలా ప్రోగ్రాముల్లో మిగిలిపోయింది. తర్వాత ‘ఈజ్‌ఆల్ఫా’ కుటుంబం (అక్షరం రకం చెప్పే సి ఫంక్షన్లు). సైన్డ్ క్యారెక్టరును నేరుగా ఇస్తే 164 కాస్తా మైనస్ 92 అయి, పట్టిక బయటి మెమరీని చదువుతుంది. అన్‌సైన్డ్ చేసి ఇవ్వాలి. మూడోది స్ట్రింగును కత్తిరించే చోటు. కంజీ మధ్యలో తెగితే తర్వాతి జతలన్నీ ఒక బైటు జరిగి, ఆస్కీ అక్షరం తగిలేదాకా వరుసంతా పాడవుతుంది. ఇయుసిలో ఒక బైటును చూసి అది మొదటిదో రెండోదో చెప్పలేం, కాబట్టి వరుస మొదటి నుంచి జతలుగా లెక్కపెట్టుకుంటూ రావాలి. పదాల వెతుకులాటదీ ఇదే చిక్కు: ఒక అక్షరం తోకా పక్క అక్షరం తలా కలిసి లేని పదాన్ని దొరికిందనిపిస్తాయి.

పట్టుబట్టి ఎన్‌కర్సెస్ (టెర్మినల్ తెర గీసే లైబ్రరీ) వైడ్ రూపానికి మార్చేవాళ్లకు ఒక హెచ్చరిక. కీలు చదివే ‘గెట్-డబ్ల్యుసీహెచ్’ ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువను తప్పక చూడండి. వచ్చింది కీనా అక్షరమా అన్నది అందులోనే ఉంటుంది. చూడకుండా రెండింటినీ ఒకే చరరాశిలో వేస్తే, టోక్యోను రోమన్‌లో రాసేటప్పుడు వాడే దీర్ఘ ‘ఓ’ను ప్రోగ్రాము కీ అనుకుంటుంది, దాని యూనికోడ్ సంఖ్య 333. ఎన్‌కర్సెస్‌లో 333 తెర తుడిచే కీ.

ఎస్‌కేకే గురించి. 1987లో తొహొకు విశ్వవిద్యాలయంలో మసహికో సాతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. కంజీ ఎక్కడ మొదలవుతుందో వాడేవాళ్లే పెద్ద అక్షరంతో చెబుతారు. పెద్ద ‘కే’తో ‘కంజి’ అని కొట్టి స్పేస్ నొక్కితే చాలు. బాణం కీలూ ఫంక్షన్ కీలూ అక్కర్లేదు గనక ఎంత పాత టెర్మినల్ మీదైనా నడుస్తుంది. యాంథీ అనే ఇంకో మార్పిడి ప్రోగ్రాము వాక్యాన్ని మొత్తంగా మారుస్తుంది, బాగానే మారుస్తుంది, కానీ పదాల విభజన సరిదిద్దడానికి షిఫ్ట్-బాణం కావాలి; ఒక్కో టెర్మినల్ దాన్ని ఒక్కో రకంగా పంపుతుంది.

ఎస్‌కేకేతో చిక్కులూ ఉన్నాయి. కానా స్థితిలో (హిరగానా పడే స్థితి) ఉండగా ప్రోగ్రామును మూయాలని ‘క్యూ’ నొక్కితే అది మూసుకోదు, కతకానాకు మారుతుంది. ముందు ‘ఎల్’ నొక్కి రోమన్‌కు రావాలి. వీఐ ఎడిటరు వాడేవాళ్లు సెట్టింగుల్లో వీఐతో కలిసి పనిచేసే ఎంపిక పెట్టుకోవాలి, లేకపోతే ఎస్కేప్ తర్వాత కొట్టే ఆదేశాలు హిరగానాగా పడతాయి. ప్రశ్న-జవాబు తరహా ప్రోగ్రాముల్లో ‘ఎగ్’ పద్ధతి ఎంటర్ తప్పనిసరి: మొదటి ఎంటర్ కంజీని ఖరారు మాత్రమే చేస్తుంది. అది లేకపోతే సగం రికార్డు వెళ్లిపోతుంది. ఆన్ చేసే కంట్రోల్-జేను కూడా పాత ప్రోగ్రామే వాడుకుంటుంటే, దాన్ని వేరే కీకి మార్చాలి.

స్థితి చూపించే వరుస అడుగున పెడితే లోపలి ప్రోగ్రాముకు ఒక వరుస తగ్గుతుంది. కిటికీ కొలత అడగకుండా 24 వరుసలని రాసేసుకున్న ప్రోగ్రాము ఆ వరుస మీదే గీస్తుంది. టెర్మినల్‌ను 25 వరుసలకు పెంచండి, అంతే.

డెస్క్‌టాప్ ముందే కూర్చుని మోజ్క్ అనే జపనీస్ ఇన్‌పుట్ ప్రోగ్రాము వాడుకునేవాళ్లకు యుఐఎం-ఫెప్ అవసరమే లేదు, ల్యూట్ ఒక్కటి చాలు. ఇన్‌పుట్ ఏర్పాటు లేని యంత్రం నుంచి ఎస్ఎస్‌హెచ్ మీద పనిచేసేటప్పుడే దాని విలువ తెలుస్తుంది. లినక్స్ మామూలు కన్సోల్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. దాని ఫాంటులో 512 ఆకారాలకు మించి పట్టవు, కంజీ కొట్టగలరు గానీ చూడలేరు.

చివరగా తరంగ గీత, అంటే అలలా వంకరగా ఉండే గీత గుర్తు. ఇయుసిలో 161, 193గా ఉండే ఈ గుర్తును యూనిక్స్ పట్టికలు ఒక యూనికోడ్ అక్షరానికి, మైక్రోసాఫ్ట్ పట్టిక ఇంకో అక్షరానికి జత చేస్తాయి. విండోస్ నుంచి తెచ్చిన పాఠాన్ని టెర్మినల్‌లో అతికిస్తే తిరిగి ఇయుసికి మారేటప్పుడు అది మాయమవుతుంది. మైనస్ గుర్తుదీ అదే గతి. అతికించే ముందు ఆ రెండింటినీ ‘సెడ్’తో మార్చుకోండి.