పర్ఫొరేషన్ గేజ్, వాటర్‌మార్క్ ట్రే: ఏళ్ల తరబడి వాడాక

చిత్తూరు పాత ఇళ్లలో తీగకు గుచ్చిన ఉత్తరాల కట్టలు ఇంకా బయటపడుతుంటాయి. "ఈ స్టాంపులు లక్షల్లో పోతాయంట కదా?" అని పట్టుకొచ్చేవాళ్ల ముందు నేను తీసేది రెండే: స్టాంపు అంచు రంధ్రాలు కొలిచే ప్లాస్టిక్ పర్ఫొరేషన్ గేజ్, వాటర్‌మార్క్ (కాగితంలోనే దాగి ఉండే గుర్తు) చూసే నల్ల ట్రే. రెంటికీ పెద్ద ఖర్చేం లేదు.

ట్రే గురించే జాస్తి చెప్పాలి. స్టాంపును బోర్లా పెట్టి రెండు చుక్కలు వాటర్‌మార్క్ ఫ్లూయిడ్ వేస్తే, కాగితం పలచగా ఉన్నచోట గుర్తు నల్లగా తేలుతుంది. ఐదో జార్జి స్టాంపులకు ఇది లేనిదే పని జరగదు. 1911లో మొదలైన లండన్ ముద్రణలో స్టాంపుకు ఒక్క నక్షత్రం. 1926 నుంచి వచ్చిన నాసిక్ ముద్రణలో చిన్న నక్షత్రాలు బోలెడు. ముందువైపు చూస్తే అదే రాజు, అదే డిజైను. 1957 నాటి భారతదేశ పటం స్టాంపులదీ ఇదే కథ: మొదట నక్షత్రాలు, 1958 నుంచి అశోకుడి సింహాలు. పసుపు, నారింజ రంగు స్టాంపులతో మాత్రం కళ్లు పోతాయి, సరిగ్గా తేలవు. ఫ్లూయిడ్ వాసన ఘాటు, పైగా ఇట్టే నిప్పంటుకుంటుంది. ఫ్యాన్ ఆపాలి, కిటికీ తెరవాలి, పూజగదిలో దీపం వెలుగుతుంటే దూరంగా కూర్చోవాలి.

గేజ్ 2 సెంటీమీటర్లలో ఎన్ని రంధ్రాలో చెబుతుంది. అట్టది కొనకండి, వానాకాలం తేమకు సాగుతుంది. నా ప్లాస్టిక్‌దానికి అంకెలు అరిగిపోయాయి, అదొక్కటే విసుగు. అంచుకు పళ్లు (రంధ్రాల దగ్గర చింపితే మిగిలే మొనలు) లేని స్టాంపును "ప్రింటింగ్ తప్పు, చాలా అరుదు" అని అంటగడతారు. కత్తెరతో పళ్లు కోసేసినవే అందులో ఎక్కువ. మధ్యలో రంధ్రాల్లేకుండా కలిసే ఉన్న రెండు స్టాంపుల జంట చూపిస్తేనే నేను మాట్లాడతాను.

అన్నిటికీ పరికరం అక్కర్లేదు. 1949 అణా స్టాంపు మీద బోధిసత్వుడి విగ్రహం కుడిఎడమలు తారుమారై అచ్చయింది, 1950లో సరిచేశారు. కంటికే తెలుస్తుంది. తప్పు అచ్చు కదా అని ఎగబడొద్దు, మామూలుగానే దొరుకుతుంది.

1948 గాంధీ పది రూపాయల స్టాంపుకు గేజ్ మీద 11½ రాకపోతే బేరం అక్కడే ఆపేయొచ్చు. ఆ గాంధీ స్టాంపుల్లో 'సర్వీస్' ఓవర్‌ప్రింట్ (స్టాంపు మీద మళ్లీ అచ్చేసిన మాట) వేసినవి వంద సెట్లే. ఆ ఓవర్‌ప్రింట్ అసలుదో నకిలీదో తేల్చడం మాత్రం ఈ రెంటి వల్లా కాదు. నిపుణుల సర్టిఫికెట్ లేకుండా దాని మీద రూపాయి పెట్టొద్దు.