స్పిట్‌ఫైర్ కాక్‌పిట్‌ను వెంటబెట్టుకుని ఇంగ్లండ్‌లో పది రోజులు

స్పిట్‌ఫైర్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం. నేను కడుతున్న దాని ప్లాస్టిక్ మోడల్ 1/48 స్కేల్‌లో, అంటే అసలు దానిలో 48వ వంతు, మొత్తం పొడవు 19 సెంటీమీటర్లు. అందులో పైలట్ కూర్చునే చోటు, అంటే కాక్‌పిట్, నా బొటనవేలి మొదటి కణుపంత ఉంటుంది. ఆ కాస్త చోటును సొంతంగా, ప్లాస్టిక్ షీటు ముక్కలతో, సీసపు తీగతో కట్టుకుంటూ నాలుగు నెలలు గడిపాను. కిట్ పాతది. లోపల ఒక సీటు, ఒక చదును నేల, విమానాన్ని నడిపే ఒక స్టిక్ తప్ప ఏమీ ఇవ్వలేదు. ఫోటోలు చూసి గోడల ఫ్రేములు వేశాను కానీ నేల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయాను. ఒక్కో ఫోటోలో ఒక్కోలా కనిపిస్తోంది. బాడీ రెండు భాగాలు ఒకసారి అతికిస్తే మళ్లీ తెరవలేం కదా. అందుకే జూన్‌లో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు సగం కట్టిన కాక్‌పిట్‌ను వెంట తీసుకెళ్లాను. పగలు అసలు విమానాలను చూడటం, సాయంత్రం గదిలో కూర్చుని కట్టడం, ఇదీ ప్లాన్.

నేను కడుతున్నది ఎన్3200 అనే మార్క్ 1, అంటే మొదటి రకం, స్పిట్‌ఫైర్. బ్రిటిష్ వైమానిక దళమైన రాయల్ ఎయిర్ ఫోర్స్‌లోని 19వ స్క్వాడ్రన్‌ది. 1940 మే 26న డంకర్క్ పోరాటంలో దెబ్బతిని ఫ్రాన్స్ తీరంలో ఇసుక మీద దిగింది. ఆ ఇసుకలోనే కూరుకుపోయి, 1986లో మళ్లీ బయటపడింది. బాగుచేశాక 2014లో తిరిగి ఎగిరింది. ఇప్పుడు కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం సొత్తు. 19వ స్క్వాడ్రన్‌కు మొదటి స్పిట్‌ఫైర్ 1938 ఆగస్టులో చేరింది కూడా ఆ డక్స్‌ఫర్డ్‌లోనే. నా ప్రయాణమంతా ఆ ఊరి చుట్టూ అల్లుకున్నదే.

ముందు సామాను సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఎయిర్‌పోర్టులోనే టెన్షన్ మొదలవుతుంది. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పల్చటి జిగురు మండే ద్రవం. దాన్ని చేతి సంచిలోనే కాదు, చెక్-ఇన్ సామానులో కూడా పెట్టకూడదు. ఎనామిల్ రంగులు, థిన్నర్లు కూడా అంతే. నేను నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగులు మూడే తీసుకెళ్లాను: నలుపు, వెండి, లోపలి గోడలకు వేసే బూడిద ఆకుపచ్చ. తెల్ల జిగురు చిన్న సీసా ఒకటి. ప్లాస్టిక్ జిగురు లండన్‌లో దిగిన రోజే ఒక మోడల్ షాపులో కొన్నాను, తిరిగి వచ్చేటప్పుడు అక్కడే వదిలేశాను. కత్తి, బ్లేడ్లు, 0.3 మిల్లీమీటర్ల డ్రిల్లు ముక్కలు అన్నీ మూత బిగించిన డబ్బాలో చెక్-ఇన్ సామానులోకి. కాక్‌పిట్ భాగాలు మాత్రం చేతి సంచిలోనే. వారం రోజుల మాత్రలు పెట్టుకునే ఏడు గదుల డబ్బా ఒకటి దొరుకుతుంది చూడండి, దీనికి దానంత మంచి పెట్టె లేదు. ఒక గదిలో సీటు, ఒక గదిలో డయళ్లుండే ప్యానెల్, ఒక గదిలో లీవర్లు. కింద మెత్తటి కాగితం పరిస్తే ఏదీ కదలదు.

కొవ్వొత్తి వేడికి ప్లాస్టిక్ కడ్డీని సాగదీసి సన్నని పోగులు చేసే పని ఇంట్లోనే ముగించుకుని వెళ్లండి. హోటల్ గదిలో నిప్పు ముట్టించడం తప్పు, పైగా పైకప్పున పొగ అలారం ఉంటుంది. వెంట్రుకంత నుంచి అగ్గిపుల్లంత దాకా రకరకాల మందాల పోగులు నేను ఒక స్ట్రాలో దూర్చి తీసుకెళ్లాను.

లండన్‌లో నాలుగు రాత్రులు ఉన్నాను. హోటల్ ట్యూబ్ స్టేషన్‌కు దగ్గర, శుభ్రం, మంచం బాగుంది. మామూలు ప్రయాణికుడికి దానిలో వంక పెట్టడానికేమీ లేదు. నా పనికి మాత్రం ఆ గది సరిపోలేదు. కిటికీ లోపలి గోడకు ఎదురుగా ఉంది. దీపాలు పసుపు రంగువి. వాటి కింద బూడిద ఆకుపచ్చ, ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి. బల్ల అంటే టీవీ కింద ఒక అర. నేల మీద ముదురు రంగు పూల కార్పెట్. మోడల్ కట్టేవాళ్లందరికీ తెలిసిన బాధే, ట్వీజర్స్ కొసన పట్టుకున్న ముక్క చిటుక్కున ఎగిరిపోతుంది. మొదటి రాత్రే థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే లీవరు) పిడి ఎగిరింది. అర మిల్లీమీటరు ముక్క, ఆ పూలలో ఎక్కడ వెతుకుతాం? రెండో రాత్రి నుంచి తెల్లటి స్నానపు తువ్వాలు ఒడిలో పరుచుకుని, రెండో కొస బల్ల అంచుకు క్లిప్పు పెట్టి కూర్చున్నాను. పడిన ప్రతి ముక్కా తువ్వాలులోనే దొరికింది.

అసలు దెబ్బ మూడో రోజు తగిలింది. ఉదయం బల్ల మీద కాగితంపై కుడి గోడ ఫ్రేములు పదకొండు ఆరబెట్టి బయటికి వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే బల్ల అద్దంలా మెరుస్తోంది. గది సర్దినావిడ వాటిని కత్తిరింపుల చెత్త అనుకుని తీసేశారు. ఆవిడ తప్పేమీ లేదు, చూసేవాళ్లకు అవి అలాగే ఉంటాయి. రెండు సాయంత్రాల పని పోయిందని మాత్రం చాలా బాధపడ్డాను. రిసెప్షన్‌లో చెబితే వాళ్లు చెత్త సంచులు కూడా వెతికించారు. దొరకలేదు. అడగకుండానే రోడ్డు వైపు కిటికీ ఉన్న గదికి మార్చారు. ఆ మర్యాద మరిచిపోలేను. ఇక అప్పటి నుంచి గది దాటే ప్రతిసారీ తలుపుకు 'డిస్టర్బ్ చేయవద్దు' కార్డు, బల్ల మీద బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా తప్పనిసరి.

లండన్‌లో చూసినవి రెండు. సౌత్ కెన్సింగ్టన్‌లో సైన్స్ మ్యూజియం, కోలిండేల్ స్టేషన్ దగ్గర హెండన్‌లో ఉన్న రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం. రెండింటికీ ప్రవేశం ఉచితం. సైన్స్ మ్యూజియం విమానాల హాల్లో పి9444 అనే మార్క్ 1 స్పిట్‌ఫైర్ పైనుంచి వేలాడుతోంది. ఆకారం చూడటానికి, రెక్క శరీరంతో కలిసే వంపు చూడటానికి చాలా బాగుంది. కాక్‌పిట్ కోసమైతే వెళ్లక్కర్లేదు. హెండన్‌లో ఎక్స్4590 ఉంది. 1940 నాటి బ్రిటన్ యుద్ధంలో ఎగిరిన విమానం అని తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ సందర్శకులను ఆపే అడ్డుకట్ట విమానానికి దూరంగా ఉంది, వెలుతురు తక్కువ. ఫోన్ ఎంత పైకెత్తినా ప్యానెల్ పై అంచు వరకే కనిపించింది. హెండన్‌కు ఒక రోజంతా కేటాయించండి, వేరే విమానాల కోసం. నా పనికి గంట చాలింది.

తర్వాత కేంబ్రిడ్జ్‌లో మూడు రాత్రులు. చిన్న గెస్ట్‌హౌస్, పాత ఇల్లు, మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు. సామాను మోయలేని వాళ్లకు కష్టమే. అయితే కింద టిఫిన్ గదిలో తూర్పు వైపు పెద్ద కిటికీ, దాని ముందు బరువైన చెక్క బల్ల, నేల కూడా చెక్కదే. టిఫిన్ల వేళ అయిపోయాక, అంటే పది గంటల నుంచి, అక్కడ కూర్చోవచ్చా అని ఇంటావిడను అడిగాను. ఆవిడ బల్ల తుడిచి ఇచ్చి, పాత పత్రిక ఒకటి పరిచి వెళ్లారు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దుపోదు. దీపంతో పని లేకుండా రోజుకు పదేసి గంటలు రంగు వేసుకునే వెలుతురు ఉంటుంది. డిసెంబరులో వెళ్తే మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతుంది. ఈ పని కోసం వెళ్లేవాళ్లు నెల చూసుకుని టికెట్ కొనుక్కోవాలి.

డక్స్‌ఫర్డ్‌కు దగ్గరి స్టేషన్ విటిల్స్‌ఫర్డ్ పార్క్‌వే. అక్కడి నుంచి నడవాలంటే దూరమే, టాక్సీ ముందే మాట్లాడుకోవడం మేలు. ప్రవేశానికి టికెట్ ఉంది, తక్కువేమీ కాదు. నా దృష్టిలో ఈ ప్రయాణంలో పెట్టిన ప్రతి పౌండుకూ విలువ దక్కింది అక్కడే. ఎందుకంటే అక్కడి హ్యాంగర్లలో ఎగిరే విమానాలున్నాయి, వాటి మీద పని జరుగుతూ ఉంటుంది. నేను వెళ్లిన రోజు ఒక స్పిట్‌ఫైర్‌కు ఎడమవైపు చిన్న తలుపు కిందికి వాలి ఉంది. కింద ఒక మెకానిక్ పని చేసుకుంటున్నారు. అడ్డుకట్ట దగ్గర నిలబడి టార్చి వేసి చూడవచ్చా అని అడిగితే ఆయన తల ఊపి కాస్త పక్కకు జరిగారు.

నేల లేదు. నాలుగు నెలలుగా నన్ను ఆపిన ప్రశ్నకు జవాబు అదే. పైలట్ బూటు మడమలు ఆనడానికి రెండు ఇరుకైన రేకు పళ్లేలు, అవి రడ్డర్ పెడల్స్ (తోక చుక్కానిని కాళ్లతో తిప్పే పెడల్స్) దాకా సాగి ఉన్నాయి. వాటి మధ్య, వాటి పక్కల, ఖాళీ. ఆ ఖాళీలోంచి చూస్తే కింద పైపులు, కంట్రోల్ రాడ్లు, ఇంకా కింద విమానం అడుగు రేకు లోపలి వైపు. ఏదైనా చేతిలోంచి జారిందంటే పైలట్‌కు అందని లోతులోకి పోతుంది. ఫోటోల్లో ఒక్కోలా కనిపించడానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. కొన్నింటిలో పళ్లెం పడింది, కొన్నింటిలో చీకటి పడింది.

స్టిక్ కూడా అక్కడే సరిగా అర్థమైంది. ముందుకూ వెనక్కూ లాగినప్పుడు మొత్తం కదులుతుంది. పక్కలకు మాత్రం పై సగమే, నడుమ ఉన్న కీలు దగ్గర వంగుతుంది. కాక్‌పిట్ ఇరుకు కాబట్టి మోకాళ్లకు తగలకుండా అలా చేశారు. పైన గుండ్రటి పిడి, దానికి బ్రేకు లీవరు. నేను చేసిన స్టిక్ ఒకే కడ్డీ. కోసి మళ్లీ చేయాల్సిందే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఎగిరే విమానాల్లో ఇప్పటి రేడియోలు, ఇప్పటి స్విచ్‌లు, ఇప్పటి బెల్టులు ఉంటాయి. చూసిందల్లా 1940 నాటిది అనుకుని కట్టేస్తే పొరపాటు. నేను నోటుబుక్కులో రెండు గడులు గీసుకుని ఒకదానిలో నాటివి, ఒకదానిలో తర్వాత వచ్చినవి రాసుకున్నాను. అనుమానం ఉన్నవి రెండింటిలోనూ రాయలేదు.

మర్నాడు ఆ కిటికీ ముందు కూర్చుని కిట్ ఇచ్చిన నేలను కోసేశాను. 0.13 మిల్లీమీటర్ల షీటుతో రెండు పళ్లేలు, అంచులు గోటితో కాస్త పైకి మడిచి. కింద రెండు రాడ్లకు ఇంటి నుంచి తెచ్చిన పోగులు. అప్పుడు ప్యానెల్ పట్టుకున్నాను. మధ్యలో ఆనాటి రాయల్ ఎయిర్ ఫోర్స్ విమానాల్లో చాలావాటికి ఒకేలా ఉండే ఆరు డయళ్లు: పై వరుసలో వేగం, కృత్రిమ దిగంతం, ఎక్కే దిగే రేటు, కింది వరుసలో ఎత్తు, దిశ, మలుపు. మూడంగుళాల డయల్ ఈ స్కేల్‌లో 1.6 మిల్లీమీటర్లు. తెల్ల షీటుకు నలుపు వేసి, ఆరాక సూది మొనతో గీరితే కింది తెలుపు గీతలుగా బయటపడుతుంది. ఊపిరి బిగబట్టి ఒక్కో గీతా గీరాలి. తప్పు పోతే పుల్ల కొసతో నలుపు అద్ది మళ్లీ గీరడమే. చివర ఒక్కో డయల్‌లో మెరుపు వార్నిష్ చుక్క వేస్తే అద్దంలా నిలబడుతుంది. ఆరూ పూర్తయ్యేసరికి కిటికీలో ఎండ పడమటికి తిరిగిపోయింది. ఇంటావిడ వచ్చి భూతద్దంలోంచి చూసి, తన కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చూశారు.

రైళ్ల గురించి రెండు మాటలు. నలుగురు కూర్చునే బల్ల ఉన్న సీటు అడిగి తీసుకోండి. బ్లేడు మాత్రం తీయవద్దు. కుదుపుల వల్ల ప్రమాదం, పక్కవాళ్లకూ భయం. మాస్కింగ్ టేపుతో సీటు బెల్టులు మాత్రం హాయిగా చేసుకోవచ్చు. ముందే రంగు వేసి, మిల్లీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి పెట్టుకున్నాను. ఆనాటి పైలట్లు కట్టుకునే సటన్ బెల్టుకు వరుసగా రంధ్రాలుంటాయి. ఆ వరుసను స్టేషన్లలో రైలు ఆగినప్పుడల్లా పెన్సిల్ మొనతో చుక్కలు పెట్టుకుంటూ పోయాను.

చివరి మజిలీ కాస్‌ఫర్డ్. బర్మింగ్‌హామ్ నుంచి ష్రూస్‌బరీ వెళ్లే దారిలో చిన్న స్టేషన్, దిగి కాసేపు నడిస్తే రాయల్ ఎయిర్ ఫోర్స్ వారి రెండో మ్యూజియం. ఇదీ ఉచితమే. ఇప్పుడు మిగిలిన స్పిట్‌ఫైర్‌లలో అన్నింటికంటే పాతదైన కె9942 ఇక్కడుంది. తొలి విమానాల్లో చక్రాలు పైకి తీయాలంటే పైలట్ కుడిచేత్తో పంపు కొట్టాలి. అంటే స్టిక్ ఎడమ చేతికి మారాలి. కొత్త పైలట్ల విమానాలు పైకి లేస్తూనే ఎగుడుదిగుడుగా ఊగేవట. ఆ విమానం పక్కన నిలబడి కుడి గోడ చూస్తే ఆ చేతి కదలిక మనకే అనుభవంలోకి వస్తుంది. హెండన్ కంటే జనం తక్కువ, నిలబడినంతసేపు నిలబడనిచ్చారు.

అక్కడ బస వంటగది ఉన్న అపార్ట్‌మెంట్. రెండు రాత్రులు. గట్టి నేల, వెడల్పు బల్ల, తెల్ల దీపం, గది సర్దడానికి ఎవరూ రారు. హోటల్ కంటే కాస్త ఎక్కువైంది కానీ లండన్‌లో పోయిన పదకొండు ఫ్రేములూ అక్కడ ఒక్క రాత్రిలో మళ్లీ చేశాను. మళ్లీ వెళ్తే మొదటి రోజు నుంచీ ఇలాంటి బసే చూసుకుంటాను. కేంబ్రిడ్జ్ కిటికీని మాత్రం వదులుకోను.

తిరుగు ప్రయాణంలో సెక్యూరిటీ దగ్గర మాత్రల డబ్బా తెరిపించారు. ఆ అధికారి ఒక్కో గదీ చూసి, సీటు ఉన్న గది దగ్గర ఆగి, ఇది విమానం సీటేనా అని అడిగారు. అవునన్నాను. మూత తనే జాగ్రత్తగా మూసి చేతికిచ్చారు.

బాడీ ఇంకా అతికించలేదు. ప్యానెల్ కింద, పైలట్ మోకాళ్ల మధ్య ఉండే దిక్సూచి ఇంకా చేయాలి. దాని గిన్నె చుట్టూ ఉన్న ఉంగరం కోసం సరిపడే సీసపు తీగ వెతుకుతున్నాను.