తెగిన వేళ్ల ఫోటో చూపించి అమ్మిన టేబుల్ సా

కావలిలో మాది చిన్న వడ్రంగి షెడ్డు. ద్వారబంధాలు, కిటికీలు, అప్పుడప్పుడూ మంచాలు చేస్తాం. సంక్రాంతి దాటాక నెల్లూరులో ఒక షాపు నుంచి 10 అంగుళాల టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు తిరిగే రంపం మెషిన్, తెచ్చుకున్నాను. మెషిన్‌కి వంక పెట్టను. వేప, తుమ్మ రెండూ ఆగకుండా కోస్తోంది. నా బాధంతా దాన్ని అమ్మిన తీరు మీదే.

నేను అడిగింది మామూలు మోడల్. కౌంటర్‌లో కుర్రాడు ముందు ఫోన్ తీసి తెగిన వేళ్ల ఫోటో చూపించాడు. "పిల్లలున్నారా అన్నా?" అన్నాడు. తర్వాత వీడియో. తిరిగే బ్లేడుకి మాంసం సాసేజ్ ఆనించారు, టప్‌మని ఆగిపోయింది, సాసేజ్ మీద చిన్న గాటు పడిందంతే. "బ్రేకున్న మోడల్ ఇదే" అంటూ 12,000 ఎక్కువ రేటున్న దాని మీద చెయ్యి వేశాడు. మా నాయనకి సామిల్లులో ఎడమ చూపుడువేలు రెండు కణుపులు పోయింది. చొక్కా గుండీ పెట్టుకోడానికి ఆయన పడే అవస్థ చూస్తూ పెరిగినవాణ్ణి. ఇంకేం బేరమాడతాను, కట్టేశాను.

ఇంటికొచ్చి మా మేనల్లుడూ నేనూ కూర్చుని చూస్తే అసలు సంగతి తెలిసింది. వీడియోలో ఉన్నది సాస్టాప్. అమెరికాలో స్టీఫెన్ గాస్ 1999లో కనిపెట్టిన పద్ధతి. బ్లేడులో సన్నటి కరెంటు సిగ్నల్ ఉంటుంది, ఒళ్లు తగలగానే అది మారుతుంది. వెంటనే అల్యూమినియం దిమ్మ ఒకటి పళ్లలోకి దూసుకెళ్లి 5 మిల్లీసెకన్లలో ఆపేస్తుంది. ఒకసారి పడితే ఆ బ్రేకు కార్ట్రిడ్జ్ మళ్లీ పనికిరాదు. బాగా పచ్చి కర్రకి కూడా పడొచ్చు. అయినా అది గొప్ప పనితనం, కాదనను.

నాకు అంటగట్టింది అది కాదు. ఇందులో ఉన్నది స్విచ్ ఆపాక మోటారుని నిలబెట్టే బ్రేకు. మూడు లెక్కపెట్టేలోపు ఆగుతుంది, మంచిదే. కానీ బ్లేడు సెకనుకి 80 చుట్లు తిరుగుతుంటే వేలు తగిలిందని దానికేం తెలుసు?

ఇంకో మాట చెప్పాలి. బ్లేడు వెనక నిలబడే రేకు, రివింగ్ నైఫ్, పెట్టెలో కవర్ కూడా విప్పకుండా ఉంది. "అది అడ్డం అన్నా, ఎవరూ పెట్టరు" అన్నాడు ఆ కుర్రాడే. నమ్మాను. రెండు వారాలకి వేప పలక నిలువునా కోస్తుంటే సగంలో కోత మూసుకుపోయి బ్లేడుని పట్టేసింది. పలక లేచి వెనక్కొచ్చి నా పొత్తికడుపులో తన్నింది. పక్కన నిలబడ్డ మేనల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. కోత మూసుకోకుండా పట్టి ఉంచేది ఆ రేకే. ఆ రోజే బిగించాను, బ్లేడు పైన కప్పే గార్డు కూడా పెట్టాను, ఇరుకు పలకలు నెట్టడానికి వేపకర్రతో తోపుడు చెక్క చేసుకున్నాను. వీటిలో దేనికీ పైసా అదనంగా పెట్టలేదు, మామూలు మోడల్‌కీ ఆ రేకూ గార్డూ వస్తాయి.

షాపు వాళ్లకి ఫోన్ చేసి చెప్పాను. మెషిన్ వెనక్కి తీసుకోం అన్నారు. బిల్లు మాత్రం సరిగా ఇచ్చారు, బ్లేళ్లు, బుష్షులు దొరుకుతాయి, సరుకు చెప్పిన రోజుకే పంపారు. కొనబోయేవాళ్లు డబ్బు కట్టకముందే పెట్టె విప్పించి, ఆ రేకూ గార్డూ అక్కడే బిగించి చూపించమనండి. బ్రేకు అంటే వేలు తగిలితే ఆగేదా, స్విచ్ తీస్తే ఆగేదా అడగండి. షాపు ఓనరు గారికి నా మనవి ఒకటే, ఆ ఫోటో తీసేసి, రివింగ్ నైఫ్ బిగించిన మెషిన్ ఒకటి కౌంటర్ ముందు పెట్టండి.